అంబాసడర్ ఇంజన్ దించే ముందు అరుగుదల ఎక్కడుందో తేల్చుకోవడం

మీరు ఇచ్చిన వివరాలను ముందుగా ఒకచోట పెట్టుకుంటాను. మీ బండి 1977 నాటి అంబాసడర్ మార్క్ 3, పెట్రోలు ఇంజన్. హైదరాబాదులో ఒక షెడ్డులో ఏళ్ళ తరబడి కదలకుండా ఉండి, ఈ మధ్యనే మళ్ళీ రోడ్డెక్కింది. సైలెన్సర్ నుంచి నీలిపొగ వస్తోంది, వెయ్యి కిలోమీటర్లకు లీటరున్నర ఆయిల్ తింటోంది, ఇంజన్ బాగా వేడెక్కాక ఐడిలింగులో ఆయిల్ లైటు మినుకుమంటోంది. మెకానిక్, సిలిండర్‌లో పిస్టన్ గాలిని ఎంత గట్టిగా నొక్కుతోందో చూపే కంప్రెషన్ గేజ్ పెట్టి చూస్తే ఒకటో సిలిండర్ నుంచి వరుసగా 88, 85, 84, 62 పౌండ్లు (చదరపు అంగుళానికి) వచ్చాయి. వాటిని చూసి ఆయన ఇంజన్ దించి బోరింగ్ (అరిగిన సిలిండర్లను కాస్త పెద్దగా తొలచడం), క్రాంక్ గ్రైండింగ్ (పిస్టన్లు తిప్పే ఇరుసును సానపట్టడం), వాల్వుల పని అన్నీ ఒకేసారి చేయించాలన్నారు. అది అవసరమా కాదా అన్నది మీ ప్రశ్న.

అవసరం కావచ్చు, కాకపోవచ్చు; ఉన్న సమాచారంతో మాత్రం ఆ నిర్ణయం తీసుకోకూడదు. ఎందుకంటే మీరు చెప్పిన మూడు లక్షణాలు ఇంజన్‌లోని వేర్వేరు చోట్లకు సంబంధించినవి. కంప్రెషన్ తగ్గిందంటే వాల్వులనో, పిస్టన్ రింగులనో, బోరునో (సిలిండర్ లోపలి గోడ), హెడ్ గ్యాస్కెట్‌నో అనుమానించాలి. ఆయిల్ లైటు వెలుగుతోందంటే క్రాంక్ బేరింగులను, ఆయిల్ పంపును, లేదా అసలు ఆయిల్‌నే అనుమానించాలి. పొగ మాత్రం ఈ రెండింటిలో దేనివల్లనైనా రావచ్చు, అది ఏ సమయంలో వస్తుందన్నదే అక్కడ కీలకం. పాత ఇంజన్ అన్నిచోట్లా ఒకే మోతాదులో అరగదు. బోరు బాగా ఉండి, వాల్వు కాడలు కదిలే గైడ్లు పోయిన ఇంజన్లు ఉంటాయి, పైభాగమంతా చక్కగా ఉండి బేరింగులు అరిగిపోయినవీ ఉంటాయి. అందుచేత ఒక్కో చోటుకు విడిగా సాక్ష్యం కావాలి, ఒక్కో సాక్ష్యాన్ని కనీసం ఇంకొక పరీక్షతో సరిచూసుకోవాలి.

ముందుగా బానెట్ ఎత్తి, ఉన్న ఇంజన్ ఏదో నిర్ధారించుకోండి. హిందుస్థాన్ మోటార్స్ వారి ఉత్తరపారా (పశ్చిమ బెంగాల్) కర్మాగారం నుంచి వచ్చిన ఆ తరం పెట్రోలు అంబాసడర్లలో ఉండేది మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే బ్రిటిష్ కారు ద్వారా సంక్రమించిన బి.ఎం.సి. (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) బి-సిరీస్ ఇంజన్: 1489 సీసీ, బోరు 73 మిల్లీమీటర్లు, స్ట్రోకు 88.9 మిల్లీమీటర్లు, వాల్వులను తెరిపించే క్యామ్‌షాఫ్టు బ్లాకులోనే, పుష్‌రాడ్లు, ఇనుప హెడ్డు, క్రాంక్‌ను బ్లాకులో మోసే మెయిన్ బేరింగులు మూడే. ట్యాక్సీలుగా తిరిగిన బళ్ళలో తర్వాతి కాలంలో డీజిల్ ఇంజన్ ఎక్కించడం, మళ్ళీ ఎవరో అభిమాని పాత పెట్రోలు ఇంజన్ తెచ్చి పెట్టడం మామూలే. అలాంటి ఇంజన్ గత చరిత్ర మీ దగ్గరున్న కాగితాలలో ఉండదు. ఇప్పటికే ఒకటి రెండుసార్లు బోరింగ్ జరిగి ఉండవచ్చు కూడా. ఆ సంగతి చివర్లో చెబుతాను.

ఇప్పుడు మీ కంప్రెషన్ అంకెల సంగతి. ఈ ఇంజన్ కంప్రెషన్ నిష్పత్తి తక్కువ, సుమారు 7.2. అందువల్ల ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ సముద్రమట్టం దగ్గర 120 పౌండ్ల చుట్టుపక్కల చూపిస్తే సంతోషించవలసిందే. కొత్త కార్ల 170, 180 పౌండ్లతో పోల్చి బెంబేలు పడవద్దు. పైగా హైదరాబాదు సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది, అక్కడి గాలి ఒత్తిడి విజయవాడ, విశాఖలతో పోలిస్తే దాదాపు ఆరు శాతం తక్కువ. అంటే విజయవాడలో 125 చూపించే ఇంజన్ మీ ఇంటి దగ్గర 117, 118 చూపిస్తుంది, దానిలో ఏ లోపమూ లేకుండానే. అంతకంటే ముఖ్యమైనది పరీక్ష చేసిన తీరు. ఇంజన్ చల్లగా ఉండగా, ఒక్క ప్లగ్గు మాత్రమే విప్పి, ఆక్సిలేటర్ తొక్కకుండా, పాత బ్యాటరీతో సెల్ఫ్ కొడితే మంచి ఇంజన్ కూడా 85 చూపించగలదు. మీ మెకానిక్ ఎలా చూశారో మీరు రాయలేదు. నాలుగింటిలో మూడు దాదాపు సమానంగా, అన్నీ తక్కువగా ఉండటం చూస్తే లోపం ఇంజన్‌లో కంటే పరీక్షలోనే ఉండే అవకాశం నాకు ఎక్కువగా కనిపిస్తోంది. నాలుగో సిలిండర్ 62 మాత్రం నిజమైన సమాచారం. అన్నింటికంటే ఎక్కువ వచ్చిన అంకెలో నాలుగింట మూడు వంతుల కంటే ఏ సిలిండరూ తగ్గకూడదన్నది పాత లెక్క. 88లో నాలుగింట మూడు వంతులు 66. నాలుగోది అంతకంటే కిందే ఉంది.

కాబట్టి పరీక్షను మళ్ళీ మొదటినుంచి చేయండి, అయితే వెంటనే కాదు. ఏళ్ళ తరబడి నిలిచిపోయిన ఇంజన్‌లో రింగులు వాటి గాళ్ళలో పాత ఆయిల్ జిగురుతో బిగుసుకుపోతాయి, తెరిచి ఉండిపోయిన వాల్వుల సీట్ల మీద సన్నగా తుప్పు పడుతుంది. అలా బిగుసుకున్న రింగు గేజ్ మీద అచ్చం అరిగిన రింగులాగే కనిపిస్తుంది. పాత ఆయిల్ తీసేసి, 20డబ్ల్యూ-50 లాంటి మామూలు మినరల్ ఆయిల్ పోసి, కొత్త ఫిల్టర్ వేసి, మూడు నాలుగు వందల కిలోమీటర్లు మధ్యస్థ వేగంలో, ప్రతిసారీ ఇంజన్ పూర్తిగా వేడెక్కేలా నడపండి. ఈలోగా ఆయిల్ లైటు ఐడిలింగులో కాక నడుస్తుండగా కూడా వెలిగితే మాత్రం బండి ఆపేయాలి. నేను చూసిన నిలవ బళ్ళలో ఈ కొద్దిపాటి నడకతోనే కంప్రెషన్ చెప్పుకోదగ్గంత పెరిగినవి ఉన్నాయి. ప్లగ్గు రంధ్రాల్లోంచి డీజిల్, గేర్ ఆయిల్ కలిపి పోసి రాత్రంతా నానబెట్టడం మన షెడ్లలో ఉన్న పాత పద్ధతే. చేస్తే తప్పు లేదు, కానీ మర్నాడు ప్లగ్గులు బిగించకుండానే ఇంజన్ తిప్పి ఆ ద్రవాన్నంతా బయటికి పంపాలి, సంపులోని (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) ఆయిల్‌ను మార్చాలి.

కంప్రెషన్ చూసే ముందు ట్యాపెట్ సందులు, అంటే వాల్వుకూ దాన్ని నొక్కే మీట రాకర్‌కూ మధ్య ఉండే ఖాళీలు, సరిచేయడం తప్పనిసరి. ఈ తరహా ఇంజన్‌కు సందు అంగుళంలో వెయ్యింట 15 వంతులు, అంటే షెడ్డు భాషలో 15 థౌ, సుమారు 0.38 మిల్లీమీటర్లు, మీ బండి మాన్యువల్లో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి. ఎనిమిది వాల్వుల్లో ఏది సరిచేస్తున్నారో దానికి తొమ్మిదికి జత అయ్యే వాల్వు పూర్తిగా తెరుచుకుని ఉండాలి: ఒకటోది చూసేటప్పుడు ఎనిమిదోది, మూడోది చూసేటప్పుడు ఆరోది. ఈ ఇంజన్లలో రాకర్ కొన దగ్గర వాల్వు తగిలే చోట గుంట పడుతుంది. సందు కొలిచే పలచటి రేకు ఫీలర్ గేజ్ ఆ గుంట మీదుగా వంతెనలా నిలబడి, లోపలున్న అసలు సందును దాచేస్తుంది. సందు సరిగ్గా పెట్టినా టిక్కుటిక్కుమంటూనే ఉంటే కారణం చాలాసార్లు ఇదే. ఇంకొక సంగతి, సరిచేసిన సందు కొద్దివేల కిలోమీటర్లకే మూసుకుపోతూ ఉంటే వాల్వు సీటులోకి దిగబడుతోందని అర్థం. ఈ ఇనుప హెడ్లు సీసం కలిసిన పెట్రోలు కాలంలో తయారైనవి, మన దేశంలో 2000 తర్వాత ఆ పెట్రోలు లేదు. ఎగ్జాస్టు సందు పూర్తిగా మూసుకుపోతే వాల్వు సీటు మీద కూర్చోదు, కంప్రెషన్ పడిపోతుంది. మీ నాలుగో సిలిండర్ కథ కేవలం అంతే కావచ్చు.

ఆ తర్వాత ఇంజన్ వేడిగా ఉండగా నాలుగు ప్లగ్గులూ విప్పి, కాయిల్ తీగ తీసేసి, నిండా ఛార్జి ఉన్న బ్యాటరీతో, ఆక్సిలేటర్ పూర్తిగా తొక్కిపట్టి, ప్రతి సిలిండర్‌కూ ఒకే సంఖ్యలో చుట్లు తిరిగేలా సెల్ఫ్ కొట్టి చూడండి. చివరి అంకెతో పాటు ముల్లు ఎక్కే తీరును కూడా గమనించాలి. రింగులు అరిగిన సిలిండర్‌లో మొదటి ఊపుకు ముల్లు కొద్దిగా లేచి, తర్వాతి ఊపులకు మెట్టుమెట్టుగా ఎక్కుతుంది. వాల్వు లీకయ్యే సిలిండర్‌లో మొదట ఎంత వచ్చిందో దాదాపు అక్కడే నిలిచిపోతుంది. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు మాత్రమే కలిసి తగ్గితే వాటి మధ్య హెడ్ గ్యాస్కెట్ పోయిందేమో చూడాలి. అనుమానమున్న సిలిండర్‌లో ఒక చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్ళీ చూస్తే, అంకె బాగా పెరిగితే తప్పు రింగుల వైపు, కదలకపోతే వాల్వుల వైపు అని అందరూ చెబుతారు. ఈ పరీక్షను నేను పూర్తిగా నమ్మను. ఎక్కువ ఆయిల్ పోస్తే దహనగది ఖాళీ తగ్గి, ఏ సిలిండర్‌లోనైనా అంకె పెరుగుతుంది. కనుక నాలుగింటిలోనూ ఒకే కొలత పోసి, పెరుగుదలల మధ్య తేడాను మాత్రమే చూడాలి.

నిజంగా తీర్పు చెప్పగలిగేది లీక్‌డౌన్ పరీక్ష. దీనికి పిస్టన్ కంప్రెషన్ స్ట్రోకు చివర పైకొసన ఉండగా ప్లగ్గు రంధ్రం గుండా నియంత్రించిన గాలిని పంపి, అందులో ఎంత శాతం తప్పించుకుంటోందో రెండు గేజ్‌ల తేడాతో కొలుస్తారు. పరికరం ఖరీదైనదేమీ కాదు, గాలికి పంక్చర్ షాపు కంప్రెసర్ చాలు. అంబాసడర్‌లో క్రాంక్ హ్యాండిల్ ఉండటం ఇక్కడ పెద్ద సౌకర్యం. పిస్టన్‌ను సరిగ్గా పైకొసన నిలపడం దానితో తేలిక, కానీ గాలి పంపే ముందు హ్యాండిల్‌ను తప్పకుండా బయటికి తీసేయండి. ఇంజన్ ఒక్కసారి తిరిగిందంటే అది మణికట్టు విరగ్గొడుతుంది. ఈ వయసు ఇంజన్‌కు పది, పదిహేను శాతం లీకు చాలా మంచిది, ఇరవై శాతాన్ని నేను పట్టించుకోను, ముప్ఫై దాటితే కారణం వెతకాలి. గాలి ఎటు పోతోందో చెవి పెట్టి వినవచ్చన్నది ఈ పరీక్షలోని గొప్పతనం. కార్బురేటర్ నోటిలో చప్పుడైతే ఇన్‌లెట్ వాల్వు, సైలెన్సర్ గొట్టంలో వినిపిస్తే ఎగ్జాస్టు వాల్వు, ఆయిల్ పోసే మూతలోంచి వస్తే రింగులు, బోరు. రేడియేటర్‌లో బుడగలు లేస్తే గ్యాస్కెట్ లేదా హెడ్డు పగులు. రింగుల గుండా కొద్దిగా గాలి పోవడం కొత్త ఇంజన్‌లో కూడా సహజం. వాల్వుల దగ్గర మాత్రం చప్పుడు ఉండకూడదు.

కంప్రెషన్‌నూ లీక్‌డౌన్‌నూ పక్కపక్కన పెట్టినప్పుడే అసలు విషయం బయటపడుతుంది. కంప్రెషన్ తక్కువ, లీకు కూడా తక్కువ అయితే సిలిండర్ గాలిని పట్టి ఉంచగలుగుతోంది, కానీ దానికి తగినంత గాలి అందడం లేదు. అప్పుడు ఒక్క సిలిండర్ అయితే క్యామ్ అరిగిందేమో రాకర్ ఎంత ఎత్తు లేస్తోందో పక్క సిలిండర్‌తో పోల్చి కొలవాలి; నాలుగూ సమానంగా తక్కువైతే టైమింగ్ చైన్ సాగి వాల్వులు ఆలస్యంగా మూసుకుంటున్నాయేమో చూడాలి. చైన్ వదులు తెలుసుకోవడానికి డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, హ్యాండిల్‌తో క్రాంక్‌ను ఒక వైపు తిప్పి, మెల్లగా వెనక్కి తిప్పుతూ, రోటర్ కదలడం మొదలయ్యేలోగా ముందున్న పుల్లీ ఎంత దూరం ఊరికే తిరిగిందో గమనించండి. అందులో కొంత డిస్ట్రిబ్యూటర్ గేరు వదులు కూడా ఉంటుంది కనుక ఆ మేరకు తగ్గించి చూడాలి. నాలుగు సిలిండర్లూ తక్కువ చూపిన మీ బండిలో ఈ పరీక్ష తప్పక చేయవలసినది. చైన్ మార్చడానికి బోరింగ్ అక్కర్లేదు.

వ్యాక్యూమ్ గేజ్ గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అది అనుమానాన్ని చూపిస్తుంది కానీ నిర్ధారించదు. ఇంజన్ గాలి పీల్చే మానిఫోల్డుకు తగిలించి ఐడిలింగులో చూస్తే సముద్రమట్టం దగ్గర 17 నుంచి 21 అంగుళాల (పాదరసం లెక్కలో) మధ్య ముల్లు నిలకడగా ఉండాలి, హైదరాబాదులో ఇంచుమించు అంగుళం ముప్పావు తక్కువ. క్రమం తప్పకుండా ఒక్కో దెబ్బకు ముల్లు పడిపోతుంటే ఒక వాల్వు లీకవుతోందని, ఐడిలింగులో వణుకుతూ వేగం పెంచగానే కుదురుకుంటే గైడ్లు వదులయ్యాయని చెబుతారు. అయితే పాత కార్బురేటర్‌లో గాలి దారిని తెరిచి మూసే బటర్‌ఫ్లై రేకు కడ్డీ అరిగి గాలి పీల్చినా ముల్లు కిందికే ఉంటుంది. కార్బురేటర్ సంగతి తేలనిదే ఈ గేజ్ మాట వినవద్దు.

పొగ దగ్గరికి వస్తే, మీరు 'నీలిపొగ వస్తోంది' అని మాత్రమే రాశారు. ఎప్పుడు వస్తోందన్నది కావాలి. రాత్రంతా నిలిపి ఉదయం స్టార్ట్ చేయగానే ఒక్కసారి గుప్పున వచ్చి తగ్గిపోతే, హెడ్డు మీద నిలిచిన ఆయిల్ గైడ్ల గుండా కిందికి జారిందని అర్థం. దిగుడులో ఆక్సిలేటర్ వదిలేసి గేరులోనే కొంతదూరం వచ్చి, మళ్ళీ తొక్కినప్పుడు వెనకాల మబ్బు లేస్తే అదీ గైడ్ల పనే. వదిలినప్పుడు మానిఫోల్డులో ఏర్పడే గట్టి వ్యాక్యూమ్ ఆయిల్‌ను ఇన్‌లెట్ గైడ్ల గుండా లాగుతుంది. ఎక్కుడులో, బరువు మీద, పికప్ ఇచ్చినంతసేపూ పొగ వస్తూనే ఉంటే రింగులు, బోరు. ఆయిల్ మూత తీసి ఐడిలింగులో అక్కడ అరచేయి పెట్టండి. మంచి ఇంజన్‌లో కూడా కొద్దిగా ఊపిరి తగులుతుంది. రైలింజన్‌లా బుసకొడుతుంటే గ్యాసు రింగులను దాటి సంపులోకి దిగుతోంది. నాలుగు ప్లగ్గుల్లో ఒక్కటే నల్లగా తడిసి ఉంటే సమస్య ఆ ఒక్క సిలిండర్‌దే. నాలుగూ ఒకే రకంగా తడిసి ఉంటే అది అంతటా వచ్చిన అరుగుదల.

చాలామంది మరిచిపోయే కారణం ఇంకొకటుంది. కనెక్టింగ్ రాడ్డు క్రాంక్‌ను పట్టుకునే చోటి బిగ్ ఎండ్ బేరింగులు వదులైతే వాటి అంచుల నుంచి మామూలు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఆయిల్ చిమ్మి బోరు గోడల మీద పడుతుంది, మంచి రింగులు కూడా అంత ఆయిల్‌ను గీకి కిందికి పంపలేవు. అప్పుడు కంప్రెషన్ బాగానే ఉండి కూడా పొగ వస్తుంది. మీ బండిలో పొగ, వేడిమీద తగ్గే ఆయిల్ ప్రెషర్ రెండూ కలిసి కనిపిస్తున్నాయి కనుక ఈ అవకాశాన్ని నేను పక్కన పెట్టను. మరోవైపు ఆయిల్ తగ్గడమంతా కాలిపోవడం వల్లనే అనుకోకండి. ఈ ఇంజన్‌లో క్రాంక్ వెనక కొసన రబ్బరు సీలు ఉండదు, ఆయిల్‌ను వెనక్కి తిప్పి పంపే మరలాంటి గాడి మాత్రమే ఉంటుంది. సంపులో గ్యాసు ఒత్తిడి పెరిగినా, వెనక మెయిన్ బేరింగు అరిగినా ఆయిల్ అక్కడి నుంచి క్లచ్ గూటిలోకి కారుతుంది. బండి కింద రాత్రి ఒక అట్ట పరచి ఉంచితే ఎంత కారిందో తెలుస్తుంది.

ఆయిల్ లైటు కేవలం హెచ్చరిక, అది కొలత కాదు. దాని స్విచ్చి విప్పి ఆ రంధ్రంలో ఒక మెకానికల్ ప్రెషర్ గేజ్ బిగించి, ఇంజన్ అరగంటైనా నడిచి పూర్తిగా వేడెక్కాక చూడండి. ఈ కుటుంబపు ఇంజన్లకు వేడిమీద నడుస్తున్నప్పుడు 50 పౌండ్లు, ఐడిలింగులో 15 పౌండ్లు అన్నవి పాత ప్రమాణాలు. వాడిన ఇంజన్‌కు నడకలో 35, 40 ఉన్నా నేను కంగారుపడను. నడకలోనూ 25 దాటకపోతే ఆలోచించాలి. అయినా అప్పుడు కూడా మొదట బేరింగుల మీదికి పోకూడదు. మెకానికల్ పెట్రోలు పంపు డయాఫ్రం చిరిగితే పెట్రోలు నేరుగా సంపులోకి దిగి ఆయిల్‌ను పలచబరుస్తుంది, ఇథనాల్ కలిసిన ఇప్పటి పెట్రోలు పాత రబ్బరును త్వరగా పాడుచేస్తుంది. డిప్‌స్టిక్ వాసన చూడండి. ఆయిల్ తింటున్న బండిలో మట్టం తగ్గకపోగా పెరుగుతుంటే జవాబు దొరికినట్టే. తర్వాత బ్లాకు పక్కనున్న, ఎక్కువైన ఆయిల్ ప్రెషర్‌ను వదిలే రిలీఫ్ వాల్వు విప్పి, దాని స్ప్రింగు కుదించుకుపోయిందా, కప్పు కింద ఏదైనా చెత్త ఇరుక్కుందా చూడండి, పావుగంట పని. వీటన్నిటికీ మంచి సమాధానం వచ్చి, చిక్కటి కొత్త ఆయిల్‌తో కూడా ప్రెషర్ నిలబడకపోతే అప్పుడు పంపు, బేరింగులు. అమ్మకానికి పెట్టిన బళ్ళలో చప్పుడు, లైటు రెండూ కనబడకుండా గేర్ ఆయిల్ లాంటి చిక్కటిది పోసి ఉంచడం కొత్త విద్య కాదు కనుక, సంపులో ప్రస్తుతం ఏముందో తెలియకుండా చూసిన ప్రెషర్‌కు విలువ లేదు.

బేరింగుల సంగతి చెప్పడంలో చెవికి మించిన పరికరం తక్కువ. గంటకు 40, 50 కిలోమీటర్ల వేగంలో నిలకడగా పోతూ ఆక్సిలేటర్‌ను కాస్త వదిలినప్పుడు బోలుగా టకటకమని వినిపిస్తే బిగ్ ఎండ్. ఎక్కుడులో టాప్ గేరులో తొక్కినప్పుడు కాళ్ళ కిందినుంచి బరువుగా, లోతుగా వచ్చే చప్పుడు మెయిన్ బేరింగులది. మూడే మెయిన్లున్న క్రాంక్ కనుక మధ్యదాని మీద భారం ఎక్కువ. ఐడిలింగులో వెంటవెంటనే రెండు దెబ్బలుగా సన్నగా వినిపించేది పిస్టన్‌ను కనెక్టింగ్ రాడ్డుకు కలిపే గడ్జియన్ పిన్ను. 1489 సీసీ ఇంజన్‌లో ఈ పిన్నును కనెక్టింగ్ రాడ్డు బోల్టుతో బిగించి పట్టుకుంటుంది, కాబట్టి అరిగేది పిస్టన్‌లోని రంధ్రమే. ఉదయం చల్లని ఇంజన్‌లో డబడబలాడి, వేడెక్కేసరికి మాయమయ్యేది పిస్టన్ బోరు గోడకు కొట్టుకోవడం. వినడానికి బాధగా ఉన్నా దానితో ఏళ్ళ తరబడి తిరిగే బళ్ళున్నాయి. ఇంజన్ వేగంలో సగం వేగంతో పైనుంచి వచ్చేవి ట్యాపెట్లు, రాకర్లు. అనుమానమున్నప్పుడు ఇన్సులేషన్ ఉన్న పట్టకారుతో ఒక్కో ప్లగ్గు తీగనూ బాడీకి తగిలించి ఆ సిలిండర్ మంటను ఆపండి. చప్పుడు చప్పున తగ్గితే అది ఆ సిలిండర్ బిగ్ ఎండో, పిన్నో. మారకపోతే పైభాగమో, మెయిన్లో. చివరగా, ఇంజన్ ఆపి ఉండగా ఒకరు క్లచ్ తొక్కుతూ వదులుతుంటే ముందున్న క్రాంక్ పుల్లీని చూడండి. అది కంటికి కనిపించేలా ముందుకూ వెనక్కూ కదిలితే మధ్య మెయిన్ దగ్గర క్రాంక్‌ను అటూఇటూ జరగకుండా ఆపే థ్రస్ట్ వాషర్లు అరిగాయి. ఇది పొగలోనూ కంప్రెషన్‌లోనూ ఎప్పటికీ తెలియని అరుగుదల.

ఈసారి ఆయిల్ మార్చేటప్పుడు తీసిన ఆయిల్‌ను వెడల్పాటి తెల్లని పళ్ళెంలో పోసి ఎండలో చూడండి. పాత ఫిల్టర్ మడతలు కోసి విప్పితే ఇంకా మంచిది. అయస్కాంతానికి అంటుకునేది ఇనుము, అంటే క్యామ్, ట్యాపెట్లు, రింగులు, బోరు. అంటుకోని బూడిదరంగు మెరుపు బేరింగు పైపొరది కావచ్చు, పిస్టన్ అల్యూమినియం కూడా కావచ్చు. రాగి రంగు రవ్వలు కనిపిస్తే బేరింగు పైపొర పోయి కింది పొర బయటపడినట్టు, ఇక సంపు దించవలసిందే. ఏళ్ళుగా నిలిచిన బండిలో మొదటిసారి తీసిన ఆయిల్‌లో అన్నీ ఉంటాయి కనుక రెండోసారి తీసినదాన్నే నమ్మండి.

ఈ పరీక్షలన్నీ అయ్యాక మీ బండిలో తేలగలిగే సంగతులు ఇవీ. నాలుగో సిలిండర్‌లో గాలి సైలెన్సర్ వైపు పోతూ, మిగిలిన మూడూ వేడిమీద వంద దాటి, పొగ ఉదయం పూట, దిగుడులో మాత్రమే వస్తే హెడ్డు ఒక్కటే దించి వాల్వులు, గైడ్లు, సీట్లు చేయిస్తే చాలు. సీసం లేని పెట్రోలుకు తగిన గట్టి ఎగ్జాస్టు సీట్లు అప్పుడే వేయించండి. అయితే గైడ్లు బిగుతుగా వచ్చి, వ్యాక్యూమ్ బలపడ్డాక, అరిగిన రింగుల గుండా ఆయిల్ పైకి లాగడం కొంత పెరగవచ్చునని ముందే తెలిసి ఉండండి. నాలుగింటిలోనూ గాలి ఆయిల్ మూత వైపే పోతుంటే హెడ్డు తీసి బోరు కొలవాలి. ప్రెషర్ గేజ్, చెవి, ఫిల్టర్ మూడూ కింది భాగాన్నే చూపిస్తే అప్పుడు సంపు దించాలి.

హెడ్డు తీసిన రోజున బోరు గేజ్ లేకపోయినా ఒక పని చేయవచ్చు. ఒక రింగును విడిగా బోరులో పెట్టి పిస్టన్ తలతో సమంగా తోసి, దాని రెండు కొసల మధ్య సందును రెండు చోట్ల కొలవండి: పైన రింగు తిరిగే చోటు మొదట్లో, గట్టుకు (రింగు చేరక అరగకుండా మిగిలిన బోరు పై అంచు) కాస్త కింద; తర్వాత బోరు అట్టడుగున, రింగులు ఎన్నడూ చేరని చోట. రెండు సందుల తేడాను 3.14తో భాగిస్తే వచ్చేది వ్యాసంలోని తేడా. పైన 40 థౌ, కింద 12 థౌ ఉంటే తేడా 28, అంటే బోరు పైభాగం దాదాపు 9 థౌ అరిగింది. ఆ దశలో నేను బోరింగ్‌కే మొగ్గుతాను. నాలుగైదు థౌ లోపు ఉండి గీతలు లేకపోతే గోడలను హోనింగ్ (రాయితో సన్నగా రుద్దడం) చేయించి, గట్టును తీయించి, కొత్త రింగులు వేస్తే ఎంతో కాలం నడుస్తుంది. గట్టు తీయకుండా కొత్త పై రింగు వేస్తే దాని పదునైన అంచు ఆ గట్టుకు తగిలి విరుగుతుంది. దాన్ని ఎందుకో మన షెడ్లలో తరచుగా వదిలేస్తారు.

ఇంతకుముందు వాయిదా వేసిన మాట ఇక్కడ అవసరమవుతుంది. పిస్టన్ తలల మీద మసి తుడిచి చూడండి. 010, 020, 030, 040 లాంటి అంకె ఉంటే అది ఇప్పటికే అన్ని థౌల మేర బోరు పెంచిన బ్లాకు. 040 దగ్గరకు చేరి మళ్ళీ అరిగి ఉంటే ఇంకా పెంచమని అడగవద్దు, స్లీవులు (బోరులో దిగ్గొట్టే కొత్త గొట్టాలు) వేయించి బోరును స్టాండర్డ్ కొలతకు తెప్పించండి. క్రాంక్ విషయంలో లేత్ వర్క్‌షాపువారికి ఇచ్చేముందే ప్రతి జర్నల్‌ను (బేరింగులో తిరిగే క్రాంక్ భాగం) మైక్రోమీటర్‌తో నాలుగు దిక్కులా కొలిపించి, ఆ కొలతలను కాగితం మీద రాయించుకోండి. జర్నల్ గుండ్రంగా, నున్నగా ఉండి బేరింగు షెల్లు మాత్రమే అరిగి ఉంటే, షెల్లు వెనక ముద్రించి ఉన్న అదే సైజులో కొత్తవి వేస్తే సరిపోతుంది. గ్రైండింగ్ చేయిస్తే మాత్రం ముందు ఆ సైజు షెల్లులు మీ చేతికి రావాలి, ఆ తర్వాతే క్రాంక్ మిషన్ ఎక్కాలి. ఇప్పుడు ఈ ఇంజన్‌కు అన్ని సైజులూ బజారులో దొరకవు.